చాయ్‌కు మూడు స్టార్లు, పంచాదికి ఐదు

ముందుగాలనే చెప్తున్న, ఈ హోటల్ పేరు రాయను. రాస్తే ఫుట్‌బాల్ మ్యాచ్ రోజు నాకే కుర్చీ దొరకది. కాజీపేట జంక్షన్‌ల దిగి బయటికొస్తే ఆటోలోళ్లు "హన్మకొండ, హన్మకొండ" అనుకుంట సంచి పట్టి గుంజుతరు. వాళ్లను తప్పించుకొని, పాలు మరిగే వాసన ఎటు వస్తే అటు నడిస్తే దొరుకుతది. బోర్డు చూసి పోదామంటే కుదరది, పొగకు అక్షరాలన్నీ నల్లవడ్డయి.

నేను రైల్వే షెడ్డుల టెక్నీషియన్‌ను. సెకండ్ షిఫ్టు దిగి, చేతుల గ్రీజు పోయేదాక సబ్బు రుద్ది, బండి తీసేసరికి రాత్రి పదిన్నర అయితది. ఆ టైముకు ఇంటికి పోతే గల్లీ కుక్క తప్ప ఎవలు లేచి ఉండరు. అందుకని పదకొండేండ్ల సంది నా రోజు ఈ హోటల్లనే ముగుస్తది. ఒక్కసారి పోయి, ఫోటో దిగి, "వాతావరణం బాగుంది" అని రాసిన రివ్యూ కాదిది.

చాయ్ 12 రూపాయలు. వన్ బై టూ అడిగితే ఇస్తరు గాని సేటు మొఖం జర మారుతది. ఉల్లిగడ్డ సమోస 8 రూపాయలు, రాత్రి తొమ్మిది దాటితే ముట్టకుండ్రి, అప్పటికి తడిబట్ట లెక్క అయితది. ఉస్మానియా బిస్కెట్లు బాగుంటయి. అవి బేకరీకెళ్లి వస్తయి కాబట్టి అందుల వీళ్ల గొప్ప ఏం లేదు. మిర్చి అయితే సాయంత్రం రెండో వాయిల తీసుకోవాలె, మొదటి వాయికి నూనె సరిగ్గ కాగి ఉండదు.

ఆదివారం ఒక్కరోజు వదిన, అంటే సేటు భార్య, ఇంటికాడ సర్వపిండి చేసి పంపుతది. పల్లీలు, నువ్వులు, కరివేపాకు దండిగ వేసి, అడుగు ఎర్రగ మాడీమాడనట్టు కాలుస్తది. ఒక్కటి 40 రూపాయలు. ఈ హోటల్ల ఏ వంక పెట్టకుండ నేను మెచ్చుకునేది ఆ సర్వపిండినే. ఏడింటికల్లా అయిపోతది, ముందే చెప్పి పెట్టుకోండ్రి.

బాత్రూం లేదు, స్టేషన్లకు ఉరకాలె. దోమలు ఉన్నయి. పదకొండు దాటితే షట్టర్ సగం దించుతరు, వంగి లోపలికి రావాలె. పొడుగున్నోళ్లు తలకాయ పైలం. ఫోన్ పే ఉన్నది గాని సేటుకు నగదు ఇస్తేనే సంతోషం.

ఇగ అసలు ముచ్చట. ఇది మాంచెస్టర్ యునైటెడ్ అనే ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్బు అభిమానుల హోటల్. కావాలని ఎవలు పెట్టింది కాదు, అట్ల అయింది. మేము ఇంటర్ చదివే రోజుల్ల కేబుల్ టీవీల ఇంగ్లండ్ మ్యాచులు వచ్చేటియి, యునైటెడ్ గెలిచేది. గెలిచేటోళ్లను పట్టుకున్నం, అంతే. 2008 మే నెల, మాస్కోల ఫైనల్, వాన, చెల్సీ కెప్టెన్ టెర్రీ కాలు జారి పెనాల్టీ తప్పుడు, నేను ఇంట్ల గొంతు నొక్కుకొని ఒర్రుడు, బాపు లేచి ఒకటి తగిలించుడు. ఆ దెబ్బతోని పడ్డ బంధం. తర్వాత 2013 మేల మా మేనేజర్ ఫెర్గూసన్ దిగిపోయిండు. అప్పటికెళ్లి మాకు దెబ్బలే మిగిలినయి, అవి బాపు కొట్టినయి కావు.

టీవీ 43 ఇంచులది. గోడకు సమ్మక్క సారలమ్మ ఫోటో పైన ఉంటది, దాని కింద టీవీ. మ్యాచ్ నెట్ మీద వస్తది కాబట్టి అసలు ఆటకు అర నిమిషం ఎనకబడి ఉంటది. ఆ అర నిమిషంతోనే మస్తు లొల్లి అయ్యేది. ఎవని జేబులనో ఫోన్ గుర్రుమంటది, వాడు చూసి "గోల్" అని లేస్తడు, టీవీల ఇంకా బాల్ నడిమిట్లనే తిరుగుతుంటది. రెండుసార్లు కాలర్లు పట్టుకునేదాక పోయింది. అందుకని సేటు ఒక రూల్ పెట్టిండు: మ్యాచ్ షురూ అయినంక ఫోన్లన్నీ బిస్కెట్ల ఖాళీ రేకు డబ్బాల వెయ్యాలె, మూత పెట్టి గల్లా మీద ఉంచుతడు.

రూల్ మంచిదే. కాని ఫోన్లు వైబ్రేషన్ మీద ఉంటయి గదా. ఎక్కడనో గోల్ పడంగనే డబ్బా మొత్తం గలగల కొట్టుకుంటది. గోల్ అయిందని అందరికీ ఎరుకైతది, ఎవలు కొట్టిన్రో ఎరుక కాదు. ఆ అర నిమిషం టీవీ చూసేటోడు ఒక్కడు ఉండడు, అందరి కండ్లు డబ్బా మీదనే. ఇసొంటి సౌలతు పెద్ద పెద్ద మాల్స్‌ల వెయ్యి రూపాయలు పెట్టినా దొరకది.

ఇక్కడికి వచ్చేటోళ్ల గురించి చెప్పకుంటే రివ్యూ సగమే.

పెద్దమనిషి గార్డు కాక. గూడ్స్ బండ్ల మీద ముప్పై ఏండ్ల సర్వీసు. 2022 జనవరిల రైల్వే బోర్డు గార్డు అనే పేరు తీసేసి "ట్రైన్ మేనేజర్" అని పెట్టింది. జీతం మారలే, పని మారలే, చేతిల జెండా సుత మారలే, పేరొక్కటే మారింది. అయినా మా పంచాదిల గార్డు కాక మాట నెగ్గకుంటే ఆయన అనేది ఒక్కటే: "ఈడ ఉన్నోళ్లల్ల అసలు మేనేజర్‌ను నేనొక్కన్నే. నా తర్వాతనే మీరు."

మొబైల్ రిపేర్ తమ్మి ఒకడు ఉన్నడు. మనిషి 92 కిలోలు, నోరు అంతకంటె బరువు. ఎన్.ఐ.టి. హాస్టల్ కెళ్లి వచ్చే మలయాళీ పిలగాడు ఒకడు, తెలుగు మూడేండ్లల్ల నేర్చిండు, బూతులు మూడు వారాలల్ల నేర్చిండు. ఒక మెడికల్ రెప్పు, ఆర్సెనల్ అనే ఇంకో క్లబ్బు మనిషి, మూలకు కూసుంటడు. మేము ఓడినప్పుడు వాని చాయ్ పైసలు వాడే ఇస్తడు, మేము గెలిస్తే మాతోని ఇప్పిస్తడు. ఎట్ల ఇప్పిస్తడో నాకు ఇప్పటికీ సమజ్ కాలే.

2026 జనవరి 4, ఆదివారం. లీడ్స్‌ల మా మ్యాచ్, మన టైము సాయంత్రం ఆరింటికి. 1-1 అయింది. ఆటల ఏం లేదు, సర్వపిండి తినుకుంట చూసినం. ఆట అయినంక మా టీమును నడిపే అమోరిమ్ మైకు ముందలికి వచ్చి అన్న మాటనే మా హోటల్ల బాంబు లెక్క పేలింది: నేను ఈడికి మేనేజర్‌గ వచ్చిన, కోచ్‌గ కాదు అని. తెల్లారి సోమవారం పొద్దుగాల క్లబ్బోళ్లు తీసేసిన్రు. నేను షెడ్డుల బండి కింద ఉన్న, మొబైల్ తమ్మి ఫోన్ చేసి "కాకా పోయిండు" అన్నడు. ఎవలో చుట్టాలల్ల పోయిండ్రనుకొని గుండె ఆగినంత పనయింది.

ఆ రాత్రి షట్టర్ సగం దించినంక షురూ అయిన పంచాది రెండింటి దాక నడిచింది. గార్డు కాక మొదలువెట్టిండు. "మేనేజర్ అంటే ఏందో, కోచ్ అంటే ఏందో ముందు తేల్చుండ్రి." మలయాళీ పిలగాడు పద్ధతిగ చెప్పిండు: మేనేజర్ అంటే ఎవల్ని కొనాలె, ఎవల్ని అమ్మాలె, ఎట్ల ఆడాలె అన్నీ ఆయన చేతిల ఉండాలె, ఫెర్గూసన్ లెక్క. కోచ్ అంటే పైనోళ్లు కొనిచ్చినోళ్లతోని ఆడిపిచ్చుడే. ఇప్పుడు క్లబ్బులన్నీ కోచ్ కావాలంటున్నయి, పైన డైరెక్టర్లను పెట్టుకుంటున్నయి.

"అంటే ఈయన కోచ్ వద్దన్నడా?" అన్నడు గార్డు కాక. "మేము నలభై ఏండ్ల సంది కోచ్ ఫ్యాక్టరీ కోసం ఎదురు చూస్తున్నం. కాజీపేటకు రావాల్సింది కపుర్తలాకు పాయె. 2023ల ప్రధాని వచ్చి వ్యాగన్ల యూనిట్‌కు శంకుస్థాపన చేసిపోయిండు. కోచ్ విలువ కాజీపేటోన్ని అడుగుమను!" హోటల్ మొత్తం పడిపడి నవ్వింది. సేటు నవ్వుకుంట చక్కెర రెండుసార్లు వేసిండు, ఆ గ్లాసు నాకే వచ్చింది.

అమోరిమ్‌ను తీసేసుడు తప్పని వాదించినోడు గార్డు కాక ఒక్కడే. ఆయన లెక్క ఆయనకున్నది. ఫెర్గూసన్ 1986 నవంబర్‌ల వచ్చిండు, మొదటి కప్పు 1990ల గెలిచిండు. మూడేండ్లు దాటింది. ఆ రోజుల్ల ఫోన్ల డబ్బా ఉంటే ఆయనను సుత ఏడాదిల పంపేటోళ్లు అంటడు. ఫెర్గూసన్ పోయినంక మోయిస్, వాన్ గాల్, మొరీనో, సోల్షేర్, టెన్ హాగ్, అమోరిమ్. పన్నెండేండ్లల్ల ఆరుగురు. నడిమిట్ల తాత్కాలికంగ కూసున్నోళ్లు వేరే.

కాని ఓపికకు సుత హద్దుంటది. 2024-25 సీజన్ లీగుల 15వ నంబరు, 38 మ్యాచులకు 42 పాయింట్లు. బిల్బావోల యూరోపా ఫైనల్ టోటెన్‌హామ్ చేతిల 1-0. 2025 ఆగస్టుల వినాయక చవితి రాత్రి, పక్క గల్లీ మండపంల పాటలు మోగుతుంటే, నాలుగో డివిజన్‌ల ఆడే గ్రిమ్స్‌బీ చేతిల పెనాల్టీలల్ల 12-11 ఓడుడు చూసిన నేను. అరె, పెనాల్టీలు లెక్కపెట్టుకుంట పోతే వేళ్లు సరిపోలే. ఆ రాత్రి సేటు పైసలు తీసుకోలే. జాలితోని ఇచ్చిన చాయ్ ఎంత చేదుంటదో అప్పుడే ఎరుకైంది.

ఇంత జరిగినా ఎనక ముగ్గురు డిఫెండర్లనే ఆడిపిచ్చే పద్ధతి ఇడిచిపెట్టలే అమోరిమ్. సెప్టెంబర్‌ల విలేకరులు అడిగితే, పోప్ చెప్పినా మార్చ అన్నడు. దానికి మొబైల్ తమ్మి అన్నది గుర్తుంది: "ఆ ఫాతిమా మాత కనవడ్డది వాళ్ల పోర్చుగల్‌లనే గదా కాకా? మన ఫాతిమానగర్ చర్చికి తీసుకొచ్చి మొక్కిపిస్తే మారుతుండె."

అయితే ఎవలు రావాలె? ఈడ ఒక్కొక్కనికి ఒక్కొక్క దేవుడు.

మొబైల్ తమ్మికి జిదాన్. ఎందుకంటే రియల్ మాడ్రిడ్‌తోని 2016, 17, 18 మూడేండ్లు వరుసగ ఛాంపియన్స్ లీగ్ కొట్టిండు, అంతకుమించి వానికి తర్కం లేదు. 2021 తర్వాత ఏ టీముకూ పనిచేయలేదని మలయాళీ పిలగాడు అంటే, "పులి పండుకుంటే పిల్లి అయితదా" అన్నడు. అన్నోడు ఊకున్నడా, లేచి నిలవడి ఫోటోకు దండం పెట్టి మొక్కుకున్నడు: జిదాన్ వస్తే మేడారంల నిలువెత్తు బంగారం ఇస్తా తల్లీ అని. బంగారం అంటే బెల్లమే, తెలువనోళ్ల కోసం చెప్తున్న. మనిషిని కాంట మీద కూసోపెట్టి ఎంత తూగితే అంత బెల్లం అమ్మకు ఇయ్యాలె. ఇద్దరు ముగ్గురు సాక్షులం ఉన్నం.

మలయాళీ పిలగాడు గ్లాస్నర్ పేరు పట్టుకున్నడు. క్రిస్టల్ ప్యాలెస్ అసొంటి టీముతోని 2025 మేల ఫైనల్ల మాంచెస్టర్ సిటీని 1-0 కొట్టి ఎఫ్.ఏ. కప్ తెచ్చిండు, ఇంకేం కావాలె అని. నేను సుత ఆయన దిక్కే ఉంటి. అప్పుడు గార్డు కాక అడిగిండు: ఆయన ఎందరు డిఫెండర్లతోని ఆడిపిస్తడు బిడ్డా? పిలగాడు మెల్లగ, ముగ్గురు, అన్నడు. ఇగ చూడాలె.

"ముగ్గురే గని ముగ్గురు వేరు" అని చూపెట్టనీకి వాడు ప్లేటు ఉస్మానియా బిస్కెట్లు తెప్పిచ్చిండు. టేబుల్ తుడిచి, ఎనక మూడు పెట్టిండు, వాటికి జర ముందల రెండు పక్కలకు రెండు, నడిమిట్ల రెండు, పైన మూడు. గోల్‌కీపర్‌గ సమోస ముక్క. అమోరిమ్ కాడ ఈ పక్క బిస్కెట్లు ఎనక్కి గుంజుకుపోయి ఐదుగురు డిఫెండర్లు అయ్యేటోళ్లని, గ్లాస్నర్ కాడ బాల్ దొరకంగనే ముందలికి ఉరుకుతరని వేలుతోని జరుపుకుంట చెప్తుండు. మేమంతా వంగి చూస్తున్నం. నాకు సుత సమజ్ అయితుందనుకునేసరికి కుడి పక్క బిస్కెట్ మాయమైంది. చూస్తే మెడికల్ రెప్పు చాయ్‌ల ముంచుకొని తింటుండు. "మీ టీముల ఆడ ఎట్లాగూ ఎవలు ఉండరు గదా" అన్నడు. ఆ బిస్కెట్ పైసల పంచాది ఇంకా తెగలే.

వాడు నవ్వొచ్చు. ఆర్సెనల్ 2019 డిసెంబర్‌ల ఆర్టెటాను తెచ్చుకున్నది, మంచీ చెడ్డా ఆయనతోనే మోస్తున్నది. ఆ ముచ్చట వాడు నెలకోసారి గుర్తు చేస్తడు. మాకు జవాబు లేదు కాబట్టి క్రికెట్ పెట్టమంటం.

ఇగ ఈ హోటల్ చాయ్ గురించి. మార్కులు ఎందుకు కోసిన్నో చెప్పాలె గదా.

నేను వచ్చిన కొత్తల ఈడ ఒక ముసలి మాస్టర్ ఉండె. గిన్నెల పాలు మరుగుతుంటే గరిటెతోని ఎత్తి పోసుకుంట, వాసన చూసి చెప్పేటోడు చాయ్‌పత్తి ఎప్పుడు వెయ్యాల్నో. ఆయన గడియారం చూసుడు నేను ఎన్నడు చూడలే. గ్లాసు తాగి కింద పెడితే అడుగుకు సన్నగ మీగడ గీత ఉండేది. 2021ల మోకాళ్లు పోయినయని జమ్మికుంట దిక్కు బిడ్డ ఇంటికి పాయె. ఆయన పోయినంక ఈ హోటల్ గూడ యునైటెడ్ అయింది.

మొదట వచ్చినోడు అల్లం మాస్టర్. ఏ చాయ్ అడిగినా గొంతుల మంట. ఆర్నెల్లల్ల పోయిండు. రెండోటోడు పెద్ద హోటల్ల చేసిన్నని గొప్పలు చెప్పి, నెల జీతం అడ్వాన్స్ పట్టి, దసరాకు ఊరికి పోయి మళ్ల మొఖం చూపియ్యలే. మూడోటోన్ని హైదరాబాద్ కెళ్లి తెచ్చిన్రు. పని వచ్చినోడే, అబద్ధం ఎందుకు. కాని వానికి ఇరానీ చాయ్ తప్ప వేరే దంధ ఎరుక లేదు. డికాషన్ ఒక దిక్కు మూతకు పిండి పెట్టి దమ్ము మీద, పాలు ఇంకో దిక్కు చిక్కవడేదాక. అది కూసొని తాగే గిరాకి ఉన్న కాడ నడుస్తది. ఈడ బండి ప్లాట్‌ఫారం మీద ఆగి ఉన్నప్పుడు ఉరికొచ్చి రెండు నిమిషాలల్ల తాగి ఉరికేటోళ్లు గిరాకి. సేటు ఎన్నిసార్లు చెప్పినా వాడు, నా పద్ధతి నాది అన్నడు. అప్పుడే మేము వానికి పేరు పెట్టినం, ఏం పేరో నేను చెప్పుడెందుకు.

దసరా అయినంక వాడు సుత పోయిండు. వేరే మనిషి దొరికేదాక అని సేటు తన బామ్మర్దిని నిలవెట్టిండు. అప్పటిదాక గ్లాసులు కడిగిన పిలగాడు. ముసలి మాస్టర్ ఉన్నప్పుడు చిన్న పిల్లగానిగ పక్కకు నిలవడి చూసినోడు. వాని చేతి చాయ్ బాగుంటుంది. ముసలాయన అంత కాదు గని తాగినంక నోట్ల ఉంటుంది. అందుకే ఒక స్టార్ పెరిగి మూడయింది. నిరుడు రాసి ఉంటే రెండు ఇద్దును.

మిగిలిన రెండు ఎందుకు ఇయ్యలే అంటే, దానికి గార్డు కాక చెప్పిందే జవాబు. ఒక రాత్రి నేను, మాస్టర్లు సరిగ్గ దొరుకతలేరు సేటూ అంటే, కాక నడిమిట్ల అందుకున్నడు: "మాస్టర్లను అనకు. ముసలాయన ఉన్నప్పుడు మడికొండ కెళ్లి బర్రె పాలు క్యాన్ల వచ్చేటియి. ఇప్పుడు ప్యాకెట్టు పాలు, అందుల మళ్ల నీళ్లు. ఎవడు వచ్చి ఏం కాస్తడు? యునైటెడ్‌ల సుత అంతే. 2005ల గ్లేజర్లు క్లబ్బును కొన్నరు, ఇప్పటికీ వాళ్లే పెద్ద వాటాదారులు, 2024ల రాట్‌క్లిఫ్ వచ్చి ఒక ముక్క కొనుక్కున్నడు. ఆ ఆరుగురికి పోసింది అవే పాలు." సేటు ఏం అనలే. గల్లా సొరుగు తీసి చిల్లర లెక్కపెట్టుకున్నడు, అప్పటికే లెక్కపెట్టిన చిల్లర.

జనవరి 13, భోగి ముందు రోజు, మా పాత ఆటగాడు క్యారిక్ పేరు వచ్చింది. సీజన్ అయ్యేదాక అని. అంతకుముందు ఫ్లెచర్ రెండు మ్యాచులు చూసుకున్నడు, బర్న్‌లీతోని 2-2, ఎఫ్.ఏ. కప్పుల బ్రైటన్ చేతిల ఓటమి. ఆ రాత్రి ఎవలింట్ల చూసినా సకినాలు పోస్తున్నరు కాబట్టి అందరు సంచులల్ల సకినాలు పట్టుకొచ్చిన్రు. నాయి మా అత్తగారింటియి, గట్టిగున్నయి గని చాయ్‌ల నానితే మంచిగనే ఉన్నయి. సకినాలు కరకర నమిలే సప్పుడుల ఎవలు ఏం అంటున్రో సగం వినవడలే. మొబైల్ తమ్మికి జిదాన్ రాలేదని దుఃఖం. నాకు మాత్రం సమ్మతమే అనిపించింది. 2006 కెళ్లి 2018 దాక ఆ అంగీ తొడిగినోడు, 2021ల మూడు మ్యాచులకు కూసొని ఒక్కటి ఓడలే.

17న సిటీని 2-0 కొట్టినం. ఇగ అందరు క్యారిక్‌నే పర్మనెంట్ చెయ్యాలన్నరు. గార్డు కాక మళ్ల చెయ్యెత్తిండు. "2019 యాదికి లేదా? సోల్షేర్ సుత ఇట్లనే నడిమిట్ల వచ్చిండు. 19 మ్యాచులల్ల 14 గెలిచిండు. పారిస్‌కు పోయి 3-1 కొట్టిండు. ఎగిరి గంతులేసి మార్చిల కుర్చీ రాసిచ్చిన్రు. 2021 నవంబర్‌ల వాట్‌ఫోర్డ్ నాలుగు కొట్టినంక పంపిన్రు. మే దాక ఆగితే ఏం పోయేది?" ఆ మాటకు నేను సుత ఆగిన. ఇప్పుడు నా ఓటు అదే: సీజన్ అయ్యేదాక క్యారిక్, తర్వాత కూసొని ఆలోచించాలె. ఈ మాటతోని నాకు రెండు దిక్కులా తిట్లే.

జనవరి 25, ఆదివారం. రాత్రి పదింటికి ఆర్సెనల్ గడ్డ మీద మ్యాచ్. అదృష్టం, అదే రోజు ఇండియా క్రికెట్ తొందరగ అయిపోయింది, లేకుంటే టీవీ కోసం కొట్లాట ఉండేది. మెడికల్ రెప్పు ఎర్ర మఫ్లర్ కట్టుకొని వచ్చి నడిమిట్ల కుర్చీల కూసున్నడు. మొదటి గోల్ మా మార్టినెజ్ మా గోల్లనే వేసిండు. వాడు లేచి అందరికి చాయ్ చెప్పిండు. తర్వాత ఎంబ్యూమో, సగం అయినంక డోర్గు, మేము 2-1. వాడు చాయ్ ఆర్డర్ ఎనక్కి తీసుకుంటనన్నడు, సేటు కుదరదన్నడు.

84వ నిమిషం. టీవీల మావోళ్లు బాల్ బయటికి కొడ్తున్నరు, గల్లా మీద డబ్బా గలగలమన్నది. ఊపిరి ఆగింది. అర నిమిషానికి మెరినో గోల్, 2-2. రెప్పు గాలిల చేతులూపిండు, మఫ్లర్ పోయి బజ్జీల పిండిల పడ్డది.

ఇంకో మూడు నిమిషాలకు డబ్బా మళ్ల మోగింది. ఈసారి ఇంకా గట్టిగ, గల్లా మీదికెళ్లి కిందికి జారేటట్టు. టీవీల బాల్ మాకాడనే ఉన్నది గాని ఆ నమ్మకం ఎంతసేపు. బామ్మర్ది గరిటె ఎత్తి పట్టుకొని అట్లనే నిలవడ్డడు, పాలు పొంగి స్టవ్ మీద చుర్రుమంటున్నయి, దించేటోడు లేడు. బాల్ కున్యా కాలికి వచ్చింది. దూరంకెళ్లి కొట్టిండు. తర్వాత ఏమైందో నాకు సరిగ్గ యాదికి లేదు, నా వీపు మీద గార్డు కాక గుద్దుతుండు, ఎవనిదో చెప్పు టేబుల్ మీద ఉన్నది. బయట ప్లాట్‌ఫారం దిక్కు పోయేటోళ్లు వంగి షట్టర్ కిందికెళ్లి లోపలికి చూసిన్రు, కొట్లాటనుకొని.

ఆ రాత్రి పాలన్నీ పొంగిపోయినయి కాబట్టి చాయ్ దొరకలే. ఒక స్టార్ తగ్గించాల్నా అని ఆలోచించి ఊకున్న.

పోదామనుకునేటోళ్లకు ఒక మాట. జాతర వారం మాత్రం పోకుండ్రి. ఈసారి 2026 జనవరి 28 కెళ్లి 31 దాక మేడారం జాతర. స్పెషల్ బండ్లన్నీ ఈడనే ఆగుతయి, హోటల్ రాత్రీ పగలూ నడుస్తది, కుర్చీలన్నీ తీసి లోపల పడేసిన్రు, టీవీ మీద బట్ట కప్పిన్రు. ముసలి మాస్టర్ జాతర నాలుగు రోజులు ఒక్కడే నిలవడేటోడట, గోడకు ఒరిగి పది నిమిషాలు కన్ను మూసి మళ్ల లేచేటోడట. క్యారిక్‌కు సిటీ, ఆర్సెనల్ అయినయి, ఇప్పుడు బామ్మర్దికి జాతర ఉన్నది. సేటును పాలు మడికొండ కెళ్లి తెప్పియ్యమని చెప్పిన. జాతర గిరాకికి ప్యాకెట్టు చాలులే అన్నడు.

నిన్న రాత్రి మొబైల్ తమ్మి వచ్చిండు, కూసోకుండనే సేటును బెల్లం ధర అడుగుతుండు. జిదాన్ రాలే గదరా అంటే, మొక్కు మొక్కే, అమ్మ కాడ అబద్ధమాడొద్దు అంటడు. కాకుంటే 92 కిలోలు జిదాన్‌కు మొక్కిన లెక్క, క్యారిక్ తాత్కాలికమే కాబట్టి ఐదు కిలోలు ఇస్తే అమ్మ ఏమన్న అంటదా అని గార్డు కాకను అడిగిండు. కాక గ్లాసు కింద పెట్టి, పర్మనెంట్ అయితే మిగిలిన 87 ఇస్తనని చీటీ రాసియ్యి అన్నడు.